పాత బంగళాలో పెరుగుతున్న కుటుంబం



వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న మన కళింగపట్నం ఒకప్పుడు ఓడల రేవు. ఇక్కడి లైట్‌హౌస్ 1876 నాటిది. రేవు వ్యాపారం పోయింది గాని, ఆ కాలపు తీరులో కట్టిన బంగళాలు భీమునిపట్నం మొదలుకొని ఈ తీరాన అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. మందమైన గోడలు, ఎత్తయిన కప్పు, మధ్య హాలు, ముందూ వెనుకా వరండాలు. అలాంటి ఇంట్లో నేడు నాయనమ్మ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు ఉంటే గదులు పెద్దవే గాని లెక్కకు చాలవు. పడగొట్టి అప్పుచేసి స్లాబు వేద్దామా అని చాలామంది ఆలోచిస్తారు. తొందరపడకండి. ఆ ఇల్లు ఎలా కట్టారో తెలుసుకుంటే, అందులోనే అందరికీ చోటు దొరుకుతుంది.

గోడ స్వభావం

ఆ గోడల్లో సిమెంటు లేదు. ఇటుక, గానుగ సున్నం మాత్రమే. సున్నపు గోడ తేమను పీల్చుకొని మళ్లీ గాలికి విడిచిపెడుతుంది. దానిమీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. దానితోపాటు వచ్చిన ఉప్పు పూత వెనుక గట్టిపడి, కొన్నేళ్లకే పెచ్చులు రాలతాయి. కనుక రాలిన చోట సున్నంతోనే పూయించండి, సున్నమే కొట్టించండి. సముద్రపు ఇసుక దగ్గరే దొరుకుతుందని వాడవద్దు. అందులోని ఉప్పు ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. ఏటి ఇసుకే వాడాలి.

ఈ ఇళ్లకు పిల్లర్లు ఉండవు. కప్పు బరువంతా గోడలే మోస్తాయి. హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీసేస్తే కప్పుకే ప్రమాదం. కొత్త ద్వారం తప్పనిసరైతే, అనుభవమున్న మేస్త్రి చేత ముందు పోటీలు పెట్టించి, పైన లింటల్ వేయించి, ఆ తర్వాతే కింద తెరిపించాలి.

ఒక గది రెండుగా

పెద్ద గదిని విడదీయడానికి ఇటుక గోడ లేపకండి. పునాది లేని చోట నేల కుంగి గోడ పగులుతుంది. ఏడడుగుల ఎత్తున చెక్క తడక చాలు. పైన ఖాళీ వదిలితే గాలీ వెలుతురూ రెండు పక్కలకూ వస్తాయి. ఎత్తయిన కప్పు ఉంది గనుక ఒక మూల చెక్క అటక వేస్తే పరుపులు, పెట్టెలు, బియ్యం బస్తాలు పైకి వెళ్తాయి. పిల్లల చదువుకు కింద చోటు మిగులుతుంది.

వెనుక వరండాలో ఒక చివర ఆడపిల్లలకు గది, నాయనమ్మ మంచానికి దగ్గరగా మరుగుదొడ్డి కట్టించవచ్చు. వరండా గోడకు ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీగా కడితే చాటూ ఉంటుంది, గాలీ వస్తుంది. కుష్ఠు ఆసుపత్రుల కట్టడాల పనిమీద 1945లో మన దేశానికి వచ్చిన క్వేకర్ క్రైస్తవుడు లారీ బేకర్ కేరళలో ఇలాంటి జాలీలతో తక్కువ ఖర్చులో ఎన్నో ఇళ్లు కట్టారు.

ముందు ఏది, వెనుక ఏది?

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుఫానులు మన తీరాన్ని కొట్టాయి. గులాబ్ కళింగపట్నం దగ్గరలోనే తీరం దాటింది. కాబట్టి లోపలి పనికంటే ముందు కప్పు చూడండి. పుచ్చిన వాసాలు మార్చించండి. చూరు దగ్గర బంగాళాపెంకులను తీగతో కట్టించండి. గాలి మొదట అక్కడే పట్టి లేపుతుంది. తర్వాత తేమ, ఆ తర్వాత కరెంటు. పాత తీగలు తీయించి, ఎర్తు, లీకేజీ బ్రేకరు పెట్టించండి. తడి గోడకు తగిలిన తీగ పసిబిడ్డ ప్రాణం తీయగలదు. రంగులు, సోఫాలు చివరికి.

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయంలోని షూనేమీయురాలిని తలంచుకోండి. ప్రవక్త కోసం ఇంటిపైన చిన్న గది కట్టించాలని ఆమె ముందు భర్తతో మాట్లాడింది. ఆ గదిలో అవసరమైన సామాను మాత్రమే ఉంచింది. మీరూ పని మొదలుపెట్టకముందు ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడండి. నాయనమ్మను అడగండి, కోడలిని అడగండి. చేతిలో ఉన్నంతలో ఏటికొక పని చేయండి. అప్పు లేని ఇంట్లో అందరికీ నిద్ర పడుతుంది.