గిరకల మీద భ్రమరి

బీదర్ జిల్లాలోని బసవకళ్యాణ్ ఒకప్పుడు కళ్యాణి చాళుక్యుల రాజధాని. 12వ శతాబ్దంలో అక్కడి నుండి ఏలిన మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో నృత్యానికీ మల్లవిద్యకూ ప్రత్యేక ప్రకరణాలు కేటాయించి, దేహం గాలిలోకి లేచి చేసే ఉత్ప్లుతి కరణాలను సైతం వర్ణించాడు. 1956 వరకు ఆ పట్టణం భాగంగా ఉన్న హైదరాబాదు రాష్ట్రపు రాజధాని నగరమే, ఎనిమిది శతాబ్దాల తరువాత, ఎగరడాన్నీ గిర్రున తిరగడాన్నీ గిరకల మీద సాధించిన క్రీడాకారుడు అనూప్ కుమార్ యామాను దేశానికి అందించింది.

రోలర్ క్రీడలు ఆసియా క్రీడల్లో తొలిసారి చోటు చేసుకున్న 2010 గ్వాంగ్జౌ పోటీల్లో అనూప్ పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో ఒక కాంస్యం, అవనీ పంచాల్‌తో కలిసి జంట విభాగంలో మరొక కాంస్యం గెలుచుకున్నాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇన్‌లైన్ విభాగపు స్వర్ణాన్ని కూడా సాధించిన అతణ్ణి కేంద్ర ప్రభుత్వం 2015 సంవత్సరపు అర్జున పురస్కారంతో గౌరవించింది.

రోలర్ స్కేటింగ్‌లో రెండు రకాల స్కేట్లు వాడతారు. ముందు రెండు, వెనుక రెండు చక్రాలుండే వాటిని క్వాడ్ అనీ, చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే వాటిని ఇన్‌లైన్ అనీ అంటారు. మంచు స్కేటులో ఉక్కు పలక అంచు చేసే పనిని ఇన్‌లైన్ స్కేటులో గుండ్రని అంచుగల చక్రాలు చేస్తాయి కనుక, క్రీడాకారుడు దేహాన్ని ఒక పక్కకు వాల్చగానే స్కేటు నేల మీద వంపు గీతలో సాగిపోతుంది. జంప్‌కు కావలసిన భ్రమణం ఆ వంపులోనే మొదలవుతుంది.

ఆ భ్రమణ తత్త్వం బొంగరం ఆడించిన ప్రతి పిల్లవాడికీ అనుభవంలో ఉన్నదే. తాడు లాగినంత సేపే బొంగరానికి తిప్పే బలం అందుతుంది, తాడు వీడిన తరువాత అదనంగా వచ్చేదేమీ ఉండదు. స్కేటర్ విషయంలో తాడు చేసే పనిని నేల చేస్తుంది. పాదం నేలను వీడిన క్షణాన దేహంలో ఎంత భ్రమణం నిలిచి ఉందో తెలిపే రాశిని కోణీయ ద్రవ్యవేగం అంటారు. గాలి నిరోధం స్వల్పం కనుక, తిరిగి నేల తాకేదాకా ఆ రాశి దాదాపు మారదు.

అయితే బొంగరానికి లేని సౌలభ్యం మనిషికి ఉంది: అతడు తన ఆకారాన్ని మార్చుకోగలడు. దేహ భాగాలు భ్రమణాక్షానికి ఎంత దూరంగా పరచుకుని ఉన్నాయో దానిపై ఆధారపడే రాశి జడత్వ భ్రామకం; చేతులను రొమ్ముకు హత్తుకుని, కాళ్లను పెనవేసుకుంటే అది తగ్గుతుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు కనుక, అది సగానికి తగ్గితే భ్రమణ వేగం రెట్టింపవుతుంది, మూడో వంతుకు తగ్గితే మూడు రెట్లవుతుంది.

ఆ వేగం ఎంత అవసరమో ఒక చిన్న లెక్క చెబుతుంది. దాదాపు 44 సెంటీమీటర్ల ఎత్తుకు ఎగిరినవాడు 0.6 సెకను మాత్రమే గాలిలో ఉంటాడు. ఆ వ్యవధిలో మూడు చుట్లు పూర్తి కావాలంటే సగటున సెకనుకు ఐదు చుట్ల వేగం కావాలి. 1882లో నార్వే స్కేటర్ ఏక్సెల్ పాల్సెన్ మంచు మీద చేసి చూపిన, అతని పేరే నిలిచిపోయిన జంప్‌లో ముఖం ముందుకు ఉంచి ఎగిరి, వెనక్కి జారుతూ దిగుతారు కనుక అదనంగా మరో అర చుట్టు పడుతుంది.

దిగే ఘట్టంలో ఇదే సూత్రం తలకిందులుగా పనిచేస్తుంది. పాదం నేలకు తగలబోయే ముందు చేతులు బార్లా చాచుకుని, రెండో కాలిని వెనక్కి సాచడం వల్ల జడత్వ భ్రామకం పెరిగి భ్రమణం మందగిస్తుంది. ఆనిన కాలి మోకాలు మెత్తగా వంగి, దేహపు బరువుకు అనేక రెట్లుండే తాకిడిని కొంత వ్యవధిలోకి పంచుతుంది. ప్రేక్షకులకు అందమైన భంగిమగా కనిపించే ఆ ముగింపు నిజానికి స్కేటర్‌ను పడిపోకుండా నిలిపే ఏర్పాటు.

నాట్య గ్రంథమైన ‘అభినయ దర్పణం’ పేర్కొన్న ఏడు భ్రమరులలో, అంటే గిర్రున తిరిగే కదలికలలో, ఉత్ప్లుత భ్రమరి, ఏకపాద భ్రమరి ఉన్నాయి. ఎగిరి తిరగడానికీ, ఒంటికాలిపై తిరగడానికీ నర్తకులు పాటించే నియమమే స్కేటర్‌కూ వర్తిస్తుంది. దానికి మంచుతో నిమిత్తం లేదని హైదరాబాదు క్రీడాకారుడు నిరూపించాడు కనుక, నునుపైన విశాలమైన నేలనూ, ఓర్పుగల శిక్షకుణ్ణీ సమకూర్చగలిగితే బసవకళ్యాణ్ వంటి చిన్న పట్టణంలోనూ ఈ విద్య వేళ్లూనుకోగలదు.