విద్యార్థి, అధ్యాపకుడు: బోధనలో పరస్పర సహకారం

దేవరకొండ వంటి పట్టణంలోని డిగ్రీ కళాశాల తరగతి గదిలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. అధ్యాపకుడు పాఠం ముగించి "అర్థమైందా?" అని అడుగుతాడు. "అయింది సార్" అని తరగతి అంతా ఒక్క గొంతుతో బదులిస్తుంది. ఆ జవాబులో ఎంత నిజముందో పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడు గాని బయటపడదు. అర్థం కాలేదని చెప్పడం గురువును అవమానించడమేనని కొందరు విద్యార్థులు భావిస్తారు. తోటివారు నవ్వుతారని కొందరు జంకుతారు. లోపం తమ తెలివిలోనే ఉందని మరికొందరు లోలోపల కుమిలిపోతారు. ఈ విధంగా బోధించేవారికీ నేర్చుకొనేవారికీ నడుమ మౌనం ఒక గోడగా నిలుస్తుంది.

ఈ గోడ వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. దేవరకొండ ప్రాంతంలో కళాశాల గడప తొక్కిన విద్యార్థుల్లో పలువురు తమ కుటుంబంలో డిగ్రీ చదువుతున్న మొదటి తరం వారు. ఇంటివద్ద పాఠం చెప్పగలవారు లేరు. పట్టణ ముస్లిం కుటుంబాల పిల్లలు ఉర్దూలో మాట్లాడతారు. చుట్టుపక్కల తండాల నుండి వచ్చేవారి ఇంటి భాష లంబాడీ. దానికి సొంత లిపి లేదు. మిగిలినవారు తెలుగు మాట్లాడతారు. పాఠ్యగ్రంథాల్లోని సాంకేతిక పదాలు వీరిలో ఎవరి ఇంటి భాషకూ చెందినవి కావు. ఇటువంటి తరగతిలో పాఠం ఎక్కడ తెగిపోయిందో అధ్యాపకుడు ఊహించి తెలుసుకోలేడు. అది విద్యార్థి చెప్పవలసిందే. అందుచేతనే బోధనను మెరుగుపరచే పనిలో విద్యార్థులకు కూడా భాగం ఉండాలన్న ఆలోచన నేడు ప్రపంచమంతటా బలపడుతున్నది.

సహకారమంటే ఏమిటి?

కొందరు ఈ మాట వినగానే భయపడతారు. విద్యార్థులే అధ్యాపకులపై పెత్తనం చేస్తారేమోనని వారి సందేహం. చరిత్రలో అటువంటిది లేకపోలేదు. మధ్యయుగంలో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘాలే అధ్యాపకులను నియమించుకొనేవి; ఆలస్యంగా వచ్చినవారికి జరిమానా కూడా విధించేవి. కాని ఇక్కడ చెప్పబడుతున్న సహకారం అది కాదు. విషయ పరిజ్ఞానంలో అధ్యాపకుడే పెద్ద. ఐతే ఆ విషయం విద్యార్థి మనసుకు ఎలా చేరుతున్నదో, ఎక్కడ చేరలేదో విద్యార్థికే తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకచోట చేరడమే సహకారం. వైద్యుడెంత నిపుణుడైనా నొప్పి ఎక్కడున్నదో రోగి చెబితేనే గదా తెలిసేది!

మన పూర్వీకుల మార్గం

ముస్లిముల విద్యా చరిత్రకు ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణ ముస్లిములలో అధికసంఖ్యాకులు అనుసరించే హనఫీ ధర్మశాస్త్రమే దీనికి గొప్ప తార్కాణం. కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) నడిపిన విద్యాగోష్ఠిలో శిష్యులు కేవలం శ్రోతలు కారు. ఒక సమస్య ముందుకు వస్తే వారు వాదించేవారు, ఆక్షేపించేవారు, ప్రతివాదం వినేవారు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) ఇమామ్ గారు పరమపదించిన తర్వాత కూడా ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్ల భిన్నాభిప్రాయాలు గురువుగారి అభిప్రాయాల పక్కనే గ్రంథస్థం అయ్యాయి.

ఒక్క ఉదాహరణ చాలు. పంటలో పాలు ఇచ్చే ఒప్పందంపై భూమిని సేద్యానికి ఇవ్వడం చెల్లదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. చెల్లుతుందని ఆయన ఇద్దరు శిష్యులూ అన్నారు. హనఫీ పండితులు ఈ విషయంలో శిష్యుల అభిప్రాయం మీదనే ఫత్వా ఇచ్చారు. అంతమాత్రాన గురువు గౌరవం తగ్గిందా? తగ్గలేదు. ఆయన 'ఇమామె ఆజమ్'గానే నిలిచారు. శిష్యులు ఆయనతో విభేదిస్తూనే జీవితాంతం ఆయనను గురువుగా గౌరవించారు. ప్రశ్న, మర్యాద పరస్పరం శత్రువులు కావని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఆరు శతాబ్దాల అనంతరం ఇబ్నె ఖల్దూన్ (1332-1406) ఇదే విషయాన్ని మరో వైపు నుండి పరిశీలించాడు. ఏండ్ల తరబడి విద్యాగోష్ఠులకు హాజరవుతూ నోరు విప్పని విద్యార్థులను ఆయన చూశాడు. వారు అవసరానికి మించి కంఠస్థం చేశారు గాని ఆ విద్యలో నైపుణ్యం మాత్రం సాధించలేకపోయారు. విద్యలో పట్టు సాధించడానికి చర్చలో నాలుకను పదును పెట్టడమే సులభమార్గమని తన 'ముఖద్దిమా'లో ఆయన నిర్ధారించాడు. మొరాకోలో విద్యార్థులు మదరసాలో ఉండవలసిన గడువు పదహారు సంవత్సరాలు కాగా ట్యూనిస్‌లో అది ఐదేనని కూడా పేర్కొన్నాడు. మొరాకోలో గడువు అంతగా పెరగడానికి బోధనలోని లోపాన్నే ఆయన కారణంగా చూపాడు. విద్యార్థుల మందబుద్ధిని కాదు.

ఆనాటి మదరసాలలో 'ముయీద్' అనే పదవి ఒకటి ఉండేది. గురువు పాఠం ముగించిన తర్వాత, పైస్థాయికి చేరిన విద్యార్థి ఒకడు దానిని మిగిలినవారికి తిరిగి వివరించేవాడు. నేటికీ మన మదరసాలలో విద్యార్థులు కూడి పాఠాన్ని ఒకరికొకరు అప్పజెప్పుకొనే 'తక్రార్' పద్ధతి సజీవంగా ఉన్నది.

మన దేశంలో

స్వతంత్ర భారతంలో ఈ అవసరాన్ని స్పష్టంగా గుర్తించినవాటిలో కొఠారీ కమిషన్ ఒకటి. 1966లో సమర్పించిన నివేదికలో, ప్రతి కళాశాలలోనూ, విశ్వవిద్యాలయంలోని ప్రతి విభాగంలోనూ అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చునే ఉమ్మడి సంఘాలు ఏర్పడాలని అది సిఫారసు చేసింది. 1994లో జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలి (నాక్) స్థాపితమైంది. ఈ మండలి 2017లో సవరించిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వేను కూడా చేర్చింది. ఈ కారణంగా విద్యార్థుల అభిప్రాయ సేకరణ పత్రం మారుమూల కళాశాలలకు కూడా చేరింది.

కాని పత్రం నింపడం వేరు, సంప్రదించడం వేరు. సంవత్సరాంతంలో 'బాగుంది', 'చాలా బాగుంది' అన్న గళ్లలో టిక్కు పెట్టించి, ఆ కాగితాలను బీరువాలో భద్రపరిస్తే తనిఖీ బృందానికి చూపడానికి పనికివస్తాయి గాని, పాఠం మెరుగుపడదు. పైగా సంవత్సరం చివర చెప్పిన మాట, చెప్పిన విద్యార్థికి ఉపయోగపడదు.

దీనికంటె ఫలవంతమైన మార్గం తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోనే ఉన్నది. కళాశాల విద్యాశాఖ నిర్వహించే 'జిజ్ఞాస' అధ్యయన ప్రాజెక్టులలో కొద్దిమంది విద్యార్థులు జట్టుగా ఏర్పడి, ఒక అంశాన్ని ఎన్నుకొని, అధ్యాపకుని పర్యవేక్షణలో సమాచారం సేకరించి నివేదిక రాస్తారు. ఉత్తమమైనవి రాష్ట్రస్థాయి వరకు వెళతాయి. ఇక్కడ అధ్యాపకుడు, విద్యార్థి ఇద్దరూ జవాబు ముందే తెలియని ప్రశ్న ఎదుట నిలుస్తారు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్యనే తీసుకొందాం. పటిక, సున్నం ఉపయోగించి నీటినుండి ఫ్లోరైడును తొలగించే విధానం 1970లలో 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరుతోనే ప్రసిద్ధి చెందింది. రసాయనశాస్త్రంలో ఇది ఒక పాఠం. తన ఊరి బావి నీటిని పరీక్షించి వచ్చిన విద్యార్థికి మాత్రం ఇది జీవన్మరణ విషయం. పరిశీలనలో అధ్యాపకుడు దారి చూపుతాడు. ఊరి సంగతులు, పెద్దల జ్ఞాపకాలు, నీటి వాడకపు అలవాట్లు విద్యార్థి తెచ్చి ఇస్తాడు.

విదేశాలలో కూడా ఇటువంటి ప్రయత్నాలు జరుగుతున్నాయి. అమెరికాలోని బ్రిన్‌మార్ కళాశాలలో 2006 నాటికే ఒక ఏర్పాటు ప్రారంభమైంది. తాను చదవని కోర్సు తరగతిలో ఒక విద్యార్థిని కూర్చొని బోధనను గమనిస్తుంది. ఆపై వారానికొకసారి ఆ అధ్యాపకునితో ఏకాంతంగా చర్చిస్తుంది. ఆ తరగతిలో ఆమెకు మార్కులు లేవు గనుక భయం లేదు.

అడ్డంకులు, జాగ్రత్తలు

భయమే ఇందులో మొదటి అడ్డంకి. అంతర్గత మార్కులు వేసే అధ్యాపకునికి ఎదురుగా లోపం చెప్పడానికి ఏ విద్యార్థి సాహసిస్తాడు? కనుక చెప్పినవారి పేరు బయటకు రాని ఏర్పాటు ఉండాలి. రెండవది, ధైర్యంగా మాట్లాడే నలుగురి మాటే అందరి మాటగా చెలామణి కావడం. వెనుక బల్లల్లో కూర్చునేవారు, తండాల నుండి బస్సులో వచ్చేవారు, ముఖ్యంగా విద్యార్థినులు మిగిలిపోకూడదు. విద్య తెలుసుకొనే విషయంలో అన్సారీ స్త్రీలకు సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. మూడవది, సలహా పేరిట నింద. పాఠాన్ని గురించి చెప్పాలి గాని మనిషిని గురించి కాదు. ఇది ఇరుపక్షాలూ కాపాడవలసిన అమానత్.

ఆచరణకు పెద్ద నిధులు అక్కరలేదు. వారానికొకసారి పాఠం చివర ఐదు నిమిషాలు కేటాయించి, అర్థమైన ఒక విషయం, అర్థం కాని ఒక విషయం చీటీపై పేరు లేకుండా రాయించవచ్చు. తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషల విద్యార్థులను కలిపి, క్లిష్టమైన పదాలకు వారి వాడుక మాటల్లో వివరణ పట్టిక తయారు చేయించవచ్చు. పై తరగతి విద్యార్థి ఒకరికి ముయీద్ బాధ్యత అప్పగించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, విన్న మాటపై ఏమి చేశారో అధ్యాపకుడు మరుసటి వారమే తరగతికి తెలపాలి. మార్చలేని విషయమైతే ఎందుకు మార్చలేరో చెప్పాలి. ఏ జవాబూ రాకపోతే మూడవ వారానికి చీటీలన్నీ ఖాళీగా వస్తాయి.

విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకొంటారని దివ్య ఖుర్‌ఆన్ (42:38) వారి సుగుణాలలో ఒకటిగా పేర్కొన్నది. ఇల్లు, వ్యాపారం, మస్జిద్ నిర్వహణ వంటి వ్యవహారాలలో సంప్రదింపు మంచిదైనప్పుడు, ఒక తరం భవిష్యత్తు రూపొందే తరగతి గదికి అది అక్కరలేకుండా పోతుందా? గురువు ఎదుట వినయంగా కూర్చోవడం విద్యార్థి ధర్మం. అర్థం కానప్పుడు అదే వినయంతో "అర్థం కాలేదు సార్" అని చెప్పడం కూడా అతని ధర్మమే. ఆ మాట విని నొచ్చుకోకుండా పాఠాన్ని మరో విధంగా మొదలుపెట్టడం గురువు ధర్మం.