కరివేపాకు కొమ్మకి నాలుగు వేళ్ల దూరంలో

పటమటలో మా డాబా మీద పదకొండు కుండీలున్నాయి. నాకు ఫొటోలు తియ్యడం నేర్పింది వాటిలోని కరివేపాకు మొక్క. ఒక వానాకాలం పొద్దున తాలింపులోకి రెబ్బ తుంచబోతే ఆకు మీద పిట్ట రెట్ట కనిపించింది. తుడవబోతే కదిలింది. మా అబ్బాయి కొనిచ్చిన క్లిప్ లెన్స్ ఫోన్‌కి తగిలించి చూశాను. దానికి తల ఉంది, కాళ్లున్నాయి, ఆకు అంచు కొరుకుతోంది.

అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక పురుగు. నిమ్మ, నారింజ, కరివేపాకు లాంటి ఆకులు తిని పెరుగుతుంది. చిన్నప్పుడు రెట్టలా కనబడి పిట్టల్ని ఏమారుస్తుంది. చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది.

"మందు కొట్టించండి, చెట్టంతా తినేస్తుంది" అన్నారు పక్కింటి అక్కయ్యగారు. నేను కొట్టించలేదు. రోజూ ఫొటో తీశాను.

కెమెరా సెన్సార్ మీద పురుగు బొమ్మ దాని అసలు సైజులో పడితేనే దాన్ని కచ్చితంగా మాక్రో ఫొటో అంటారు. దానికి ప్రత్యేకమైన లెన్స్ కావాలి. మొదలుపెట్టడానికి మాత్రం ఫోన్ చాలు. దగ్గరికి వెళ్లే కొద్దీ స్పష్టంగా కనబడే మేర తగ్గిపోతుంది, ఒక్కోసారి మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే ముందు కంటి మీద ఫోకస్ పెడతాను. పురుగు ఒంటికి సమాంతరంగా ఫోన్ పట్టుకుంటే తల నుంచి తోక దాకా తేటగా వస్తుంది. మోచేతులు పిట్టగోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తాను. ఎండ సూటిగా పడుతుంటే పాత తెల్ల పంచె అడ్డం కడతాను, వెలుగు మెత్తబడుతుంది.

మంచి వేళ తెల్లవారుజాము. ఒళ్లు వెచ్చబడితేగానీ తూనీగ ఎగరలేదు. ధనుర్మాసంలో బందరు కాలువ గట్టున మంచు బొట్లతో కదలకుండా కూర్చుని ఉంటుంది. కదలకుండా ఉండాలని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. ఆ పని ఎవరూ చెయ్యకూడదు.

లెన్స్ కంటే ముందు తెలియాల్సింది ఏ ప్రాణి ఏ ఆకు తింటుందన్నది. జిల్లేడు ఆకు తిరగేస్తే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు దొరకొచ్చు. గన్నేరు కింద వెండి బొట్టులా మెరుస్తూ వేలాడేది కామన్ క్రో సీతాకోకచిలుక ప్యూపా.

ఇలా దగ్గరగా చూడటం మన నేలకి పాతదే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోస్తా మొక్కల్ని మన దేశపు చిత్రకారుల చేత గీయించాడు. వాటితో 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయిన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. కొమ్మతో పాటు పువ్వు భాగాలు విడదీసి చూపించారు, తెలుగు పేర్లు కూడా రాశారు. రేకమందారం నడిమి కాడ చివర అయిదు ఎర్రటి మఖమల్ బొడిపెలు ఫోన్‌లో కనబడ్డ రోజు, ఆ చిత్రకారులు పువ్వు ముందు ఎంతసేపు కూర్చుని ఉంటారో నాకు అర్థమైంది.

ఇప్పుడు కూరలోకి ఒకవైపు రెబ్బలే కోస్తాను. రెండోవైపు పురుగులకి వదిలేశాను. మొన్న పొద్దున్నే పిట్టగోడ అవతల నుంచి అక్కయ్యగారి పిలుపు వినబడింది.

"మా నిమ్మ మొక్క మీద రెట్ట కదులుతోందండీ, ఫోన్ పట్టుకుని త్వరగా రండి!"