రాయబారులును కృత్రిమ మేధయు

మంథని నియోజకవర్గము నుండి 1957 మొదలుకొని నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1980లో భారతదేశ విదేశాంగమంత్రి యైరి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఆంగ్లములే గాక స్పానిషు భాషను గూడ వారు నేర్చిరి. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ అను పేరిట హిందీలోనికి అనువదించిరి. అరువది యేండ్లు దాటిన పిదప కంప్యూటరు నభ్యసించి, దానికి ఆజ్ఞలు వ్రాయు విద్యను గూడ సాధించిరి. ఈ సంగతి తరగతిలో చెప్పుచుండగా విద్యార్థి యొకడు లేచి, ఇప్పుడు యంత్రమే తర్జుమా చేయుచున్నది గదా, ఇన్ని భాషలు నేర్చుట యెందులకని యడిగెను. ప్రశ్న మంచిది. దానికి తరగతిలో చాలినంత ఉత్తరము చెప్పజాలక ఇక్కడ వ్రాయుచున్నాము.

కృత్రిమ మేధకు కోట్లకొలది పుటలు చదివింపబడును. ఒక మాట వెనుక ఏ మాట వచ్చుటకు అవకాశ మెక్కువయో అది లెక్కగట్టి వాక్యమును కూర్చును. ఆంగ్లమున అట్టి పుటలు విస్తారము, తెలుగున స్వల్పము; కావున తెలుగున తడబాటు హెచ్చు. తప్పును గూడ ఒప్పువలెనే ధారాళముగా చెప్పును. లెక్కల పరీక్షలో ధైర్యముగా తప్పు వ్రాయు బాలుని మేమెరుగుదుము, ఇదియు నట్టిదే.

రాయబార కార్యాలయమున పని యనగా విందులును కరచాలనములును మాత్రమే కాదు. ఆ దేశపు పత్రికలు చదివి సారమును స్వదేశమునకు వ్రాయుట, ప్రసంగములకు చిత్తుప్రతులు సిద్ధపరచుట, పాత ఒడంబడికలు వెదకుట, ఇవి నిత్యకృత్యములు. ఇట్టివాటికి యంత్రము మిక్కిలి ఉపకరించును. అమెరికా విదేశాంగశాఖ 2024 నాటికి ‘స్టేట్‌చాట్’ అను సాధనమును తన యుద్యోగుల కొసగెను. రహస్యములు బయటి సంస్థల చేతబడకుండుటకు అట్టి సాధనమును శాఖ లోపలనే యుంచుకొనవలెను. ఉక్రెయిన్ విదేశాంగశాఖ 2024 మే నెలలో ‘విక్టోరియా షీ’ అను కృత్రిమ ప్రతినిధిని ప్రవేశపెట్టెను. ముఖమును కంఠమును యంత్రము కల్పించినవి. చదువు మాటలు మాత్రము మనుష్యులు వ్రాసినవే. నకిలీలు పుట్టకుండ ప్రతి చిత్రమునకు క్యూఆర్ గుర్తు నొకటి జోడించిరి. ఆ భయము వట్టిది కాదు. 2025లో అమెరికా విదేశాంగమంత్రి మార్కో రూబియో కంఠమును అనుకరించి యెవరో ముగ్గురు విదేశాంగమంత్రులకు సందేశములు పంపిరి.

ఇక తర్జుమా సంగతి. 1967 నవంబరు 22న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానము చేసెను. ఆక్రమిత ప్రదేశముల నుండి ఇజ్రాయేలు సేనలు మరలవలెనని అందున్నది. ఆంగ్ల ప్రతిలో ‘ప్రదేశములు’ అను మాటకు ముందు ‘ది’ అను ఉపపదము లేదు. ఫ్రెంచి ప్రతిని చదివినచో ఉన్నట్లే తోచును. అన్ని ప్రదేశములా, కొన్నియా యని నేటికిని వాదము సాగుచున్నది. తెలుగున అట్టి ఉపపదమే లేదు. స్పష్టత కొరకని యంత్రము ‘అన్ని’ యనియో ‘కొన్ని’ యనియో చేర్చెనేని, తనకు తెలియకయే ఒక పక్షము వహించినట్లగును.

రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయము నెరిగినవారికి మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చును. అష్షూరు రాజు పంపిన రబ్షాకే యెరూషలేము ప్రాకారము నొద్ద నిలిచి యూదుల భాషలో మాటలాడెను. ప్రజలు వినకుండ సిరియా భాషలో మాటలాడుమని హిజ్కియా మంత్రులు వేడుకొనిరి. అతడు వినక మరింత బిగ్గరగా యూదుల భాషలోనే కేకవేసెను. అతని సందేశమునకు సగము బలము ఆ భాష నెన్నుకొనుటయందే కలదు. మాటలను మార్చు యంత్రమునకు ఈ యెన్నిక తట్టదు.

యుద్ధమా సంధియా యను ఆలోచన యంత్రమున కప్పగించుట మరింత ప్రమాదము. 2024లో అమెరికా పరిశోధకులు ఐదు యంత్రములకు దేశాధినేతల పాత్ర లిచ్చి, కల్పిత కలహములలో పరీక్షించిరి. ఐదును కలహమును పెంచు పోకడయే చూపినవి; అరుదుగా అణ్వస్త్రములను గూడ ప్రయోగింపజూచినవి.

ఈ విషయము మన యిండ్లకు దూరమైనది కాదు. కరీంనగరు, జగిత్యాల, నిర్మల ప్రాంతముల నుండి అనేకులు గల్ఫు దేశములకు కూలికి పోవుచున్నారు. తండ్రులు పంపిన అరబ్బీ కాగితములను బిడ్డలు ఫోనులో తెలుగు చేసి చదువుచున్నారు. ఇది మంచిదే, పూర్వము దుబాసీకి రుసుము చెల్లింపవలసి యుండెను. అయితే సంయుక్త అరబ్ ఎమిరేట్లలో ఉద్యోగాంతమున నిచ్చు పరిహారము మూలవేతనము ననుసరించి లెక్కింపబడును, మొత్తము జీతము ననుసరించి కాదు. యంత్రము రెంటికిని ‘జీతము’ అనియే వ్రాసెనేని ఏండ్ల కష్టార్జితమున లోటు కలుగును. కావున సంతకమునకు ముందే ఆ రెండు అంకెలను వేరువేరుగా అడిగి వ్రాయించుకొనవలెను. సందేహమున్నచో భారత రాయబార కార్యాలయమును అడుగవలెను. వివాదము వచ్చినప్పుడు ‘మదద్’ అను ప్రభుత్వ సాధనము ద్వారా ఫిర్యాదు పంపవచ్చును. 2015 నుండి అది పనిచేయుచున్నది. ఫిర్యాదుతో అరబ్బీ మూలప్రతిని తప్పక జతపరుపవలెను, తర్జుమా ఒక్కటియే చాలదు.