గెర్లాన్ (పరిమళ సంస్థ)

గెర్లాన్ (ఫ్రెంచి ఉచ్చారణ: గెర్లాఁ) పారిస్ నగరం కేంద్రంగా గల ఫ్రెంచి పరిమళ ద్రవ్యాల సంస్థ. 1828లో స్థాపించబడిన ఈ సంస్థ, నేటికీ పనిచేస్తున్న అతి పురాతన పరిమళ సంస్థలలో ఒకటి. 1994లో ఎల్‌వీఎంహెచ్ అనే వ్యాపార సముదాయం చేతికి వెళ్ళేవరకు ఇది గెర్లాన్ కుటుంబ ఆధీనంలోనే ఉండేది. సంస్థకు పేరు తెచ్చిన అత్తరులలో అధికభాగం ఆ కుటుంబానికి చెందిన నలుగురు రూపొందించినవే. అత్తరు తయారీ సూత్రం కాగితం మీద భద్రంగా ఉన్నా, ముడిపదార్థం మారితే వాసన మారిపోతుంది. అందువలన ఈ సంస్థ చరిత్రలో కొత్త పరిమళాలను సృష్టించడం ఎంత ముఖ్యమో, పాత పరిమళాలను నిలుపుకోవడం కూడా అంతే ముఖ్యమైన అంశం.

స్థాపన

సంస్థ వ్యవస్థాపకుడు పియేర్-ఫ్రాన్స్వా-పాస్కల్ గెర్లాన్ (1798–1864). ఇతడు 1828లో పారిస్‌లోని రివోలీ వీధిలో, మ్యూరీస్ హోటలు భవనపు కింది అంతస్తులో మొదటి దుకాణం తెరిచాడు. తరువాత దుకాణం ద లా పే వీధికి మారింది. 1853లో మూడవ నెపోలియన్ చక్రవర్తి భార్య యూజెనీ కోసం ఇతడు "ఓ ద కొలోన్ ఇంపీరియల్" అనే పరిమళ జలాన్ని తయారుచేశాడు. దాని సీసాపై తేనెటీగల బొమ్మలుంటాయి. తేనెటీగ నెపోలియన్ వంశపు రాజచిహ్నం. ఈ పరిమళం వలన గెర్లాన్‌కు ఆస్థాన పరిమళకారుడనే హోదా లభించింది. తేనెటీగ నేటికీ సంస్థ చిహ్నంగా కొనసాగుతున్నది.

జిక్కీ

వ్యవస్థాపకుని మరణానంతరం అతని కుమారులు ఎమే, గాబ్రియేల్ సంస్థను చేపట్టారు. అత్తరుల రూపకల్పన ఎమే వంతు కాగా, వ్యాపార నిర్వహణ గాబ్రియేల్ చూసుకొనేవాడు. ఆ కాలంలో రసాయన శాస్త్రం వేగంగా అభివృద్ధి చెందుతున్నది. 1868లో ఇంగ్లాండుకు చెందిన విలియం హెన్రీ పెర్కిన్ ఎండుగడ్డి వాసననిచ్చే కూమరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. 1874లో జర్మనీకి చెందిన టీమాన్, హార్మాన్‌లు వనిల్లా కాయలోని వాసనకు మూలమైన వనిలిన్‌ను తయారుచేశారు. కృత్రిమ కూమరిన్‌ను ఉబిగాఁ అనే మరొక పారిస్ సంస్థ 1882లోనే తన "ఫుజేర్ రోయాల్" అత్తరులో వాడింది.

1889లో ఎమే గెర్లాన్ "జిక్కీ" అనే అత్తరును విడుదల చేశాడు. ఇందులో లావెండరు వంటి సహజ తైలాలతో పాటు కూమరిన్, వనిలిన్ కూడా ఉన్నాయి. తెలుగువారికి పునుగు పేరుతో పరిచయమున్న జంతుసంబంధ ద్రవ్యం కూడా దీనిలో ఉండేది. అప్పటి అత్తరులు చాలావరకు ఒక పువ్వు వాసనను అనుకరించేవి. జిక్కీ ఏ ఒక్క పువ్వునూ అనుకరించదు. ప్రకృతిలో లేని ఒక మిశ్రమ పరిమళాన్ని కల్పిస్తుంది. ఆధునిక పరిమళ కళకు ఇది తొలి మెట్లలో ఒకటిగా పరిగణించబడుతున్నది.

జాక్ గెర్లాన్

గాబ్రియేల్ కుమారుడు జాక్ గెర్లాన్ (1874–1963) సంస్థలో అత్యంత ప్రసిద్ధుడైన పరిమళకారుడు. ఇతని ముఖ్యమైన అత్తరులు:

1906 – ఆప్రే లోందే ("జల్లు తరువాత" అని అర్థం)
1912 – లర్ బ్లూ ("నీలి ఘడియ", అనగా సంధ్యాసమయం)
1919 – మిట్సుకో
1925 – షాలిమార్
1933 – వోల్ ద న్యుయి ("రాత్రి విమానయానం")

మిట్సుకో అనే పేరు క్లోడ్ ఫారేర్ 1909లో ప్రచురించిన నవలలోని జపాను నాయికది. ఓక్ చెట్లపై పెరిగే ఒక జాతి లైకెన్ నుండి తీసిన సారం, పీచ్ పండు వాసననిచ్చే ఒక కృత్రిమ రసాయనం ఈ అత్తరుకు ప్రాణం. వోల్ ద న్యుయి పేరు సేంట్-ఎగ్జూపెరీ నవల నుండి స్వీకరించబడినది.

షాలిమార్‌ను 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శనలో ప్రదర్శించారు. వనిలిన్ కంటే ఘాటైన ఇథైల్ వనిలిన్ దీనిలోని ముఖ్య పదార్థం. షాజహాను, ముంతాజుల ప్రణయానికి వేదికైన లాహోరు షాలిమార్ తోటల పేరును దీనికి పెట్టినట్లు ప్రచారంలో ఉన్నది. కాని ముంతాజ్ 1631లోనే మరణించింది. లాహోరు తోటల నిర్మాణం 1641లో మొదలైంది. కనుక ఈ కథను చరిత్రగా భావించరాదు.

జాన్-పాల్ గెర్లాన్

జాక్ మనుమడు జాన్-పాల్ గెర్లాన్ (జననం 1937) కుటుంబంలోని చివరి ప్రధాన పరిమళకారుడు. వెటివర్ (1959), అబి రూజ్ (1965), షమాద్ (1969), సంసార (1989) ఇతని సృష్టులు. "వెటివర్" అనగా మన వట్టివేరు. ఈ పదం తమిళం నుండి ఫ్రెంచిలోకి వెళ్ళింది. వేసవిలో తడికలకు వాడే ఆ వేళ్ళ నుండి తీసిన తైలమే ఈ అత్తరుకు ఆధారం. "సంసార" సంస్కృత పదం. చందనం, మల్లెజాతి పూలు దీనిలోని ప్రధాన పరిమళాలు. సహజ చందన తైలంతో పాటు చందనపు వాసననిచ్చే కృత్రిమ రసాయనాన్ని కూడా ఇందులో వాడారు.

జాన్-పాల్ 2002లో పదవీ విరమణ చేశాడు. 2010లో ఫ్రెంచి టెలివిజన్‌లో నల్లజాతీయులను కించపరుస్తూ మాట్లాడినందుకు తీవ్ర నిరసనలు ఎదుర్కొన్నాడు. సంస్థ ఆ మాటలను ఖండించింది. 2012లో పారిస్ న్యాయస్థానం అతనికి 6,000 యూరోల జరిమానా విధించింది. 2008లో కుటుంబానికి చెందని తియెరీ వాసర్ సంస్థ పరిమళకారునిగా నియమితుడయ్యాడు.

సూత్రాల రక్షణ, మార్పులు

అత్తరు పేరును, సీసా ఆకారాన్ని వ్యాపార చిహ్నాలుగా నమోదు చేసుకోవచ్చు. వాసన విషయం వేరు. అత్తరు వాసనకు గ్రంథస్వామ్య హక్కు వర్తించదని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం 2006లో తీర్పు చెప్పింది. అందువలన సూత్రాన్ని రహస్యంగా ఉంచడమే సంస్థలకు ప్రధాన రక్షణ.

అయితే రహస్యంగా దాచిన సూత్రం కూడా మారక తప్పదు. దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, చందనం వంటి సహజ ద్రవ్యాల కొరత. రెండవది, పునుగు వంటి జంతుసంబంధ ద్రవ్యాల వాడకంపై వచ్చిన అభ్యంతరాలు. మూడవది, చర్మానికి ఎలర్జీ కలిగించే పదార్థాలపై ఆంక్షలు. ఓక్ లైకెన్ సారంలో సహజంగా ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్‌లను ఐరోపా సమాఖ్య 2017లో నిషేధించింది. ఈ రెండింటినీ తొలగించిన సారాన్ని మాత్రమే నేడు వాడవలసి ఉన్నది. వాడేవారి ఆరోగ్యానికి ఇది అవసరమే. కాని మిట్సుకో వంటి అత్తరును 1919లో ఉన్నది ఉన్నట్లుగా దుకాణంలో కొనడం ఇక సాధ్యం కాదు.

ఇటువంటి పాత పరిమళాలను భద్రపరచడానికి 1990లో వెర్సాయ్ నగరంలో ఓస్మోటెక్ అనే సంస్థ ఏర్పడింది. ఇక్కడ అత్తరులను వెలుతురు తగలకుండా, చల్లని గదిలో, ఆర్గాన్ వాయువు నింపిన సీసాలలో నిలవ ఉంచుతారు. పాత సూత్రాల ప్రకారం కొన్నింటిని తిరిగి తయారుచేస్తారు కూడా. అవి అమ్మకానికి కాక, వాసన చూసి తెలుసుకోవడానికి మాత్రమే ఉద్దేశించినవి.