కోసిన తోట దేంతో చిగురిస్తుంది?



షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మన నేత ఇళ్లవాళ్లకు గంజి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పడుగుకు గంజి పట్టిస్తే పోగు గట్టిపడుతుంది, మగ్గం మీద తొందరగా తెగదు. ఆ గంజిలోని పిండి పదార్థమే మన మల్బరీ ఆకులోనూ ఉంటుంది. కాకపోతే ఆకు దాన్ని తనే తయారు చేసుకుంటుంది.

పగలు ఎండలో ఆకు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌తో, వేరు నుంచి వచ్చిన నీళ్లతో చక్కెర చేస్తుంది. ఆ చక్కెరంతా అట్లాగే ఉంటే కణాల్లోకి నీళ్లు లాగేస్తుంది. అందుకే కొంత పిండిగా మార్చి పెట్టుకుంటుంది. పిండి చన్నీళ్లలో కరగదు కదా! రాత్రి దాన్ని మళ్లీ చక్కెర చేసి చిగుళ్లకు, కాండానికి, వేర్లకు పంపుతుంది. కాండంలో, వేరులో అది మళ్లీ పిండిగా నిలవ ఉంటుంది.

కొమ్మ కత్తిరించాక మోడుకు ఒక్క ఆకూ ఉండదు. మరి చిగురు దేంతో వస్తుంది? ఆ నిలవతోనే. కొత్త ఆకులు విచ్చుకొని సంపాదన మొదలుపెట్టేదాకా నీళ్లు, ఎరువు ఎంత పెట్టినా ఖర్చయ్యేది వేరులోని పిండే. ఏడాదికి ఐదు పంటలు తీసే తోటలో కోతకు కోతకు మధ్య 70 రోజుల దాకా ఆగేది ఆకు ముదరడానికే అనుకుంటాం. వేరు మళ్లీ నిండాలన్నది కూడా ఉంది. షెడ్డు ఖాళీగా ఉందని 50 రోజులకే కోస్తే ఒకసారికి ఏం తెలియదు. వరుసగా అట్లాగే చేస్తే చిగుళ్లు సన్నబడతాయి, మోళ్లు చచ్చిపోతాయి. అప్పుడు యూరియా పెంచి లాభం లేదు.

ఇంకో మాట. కోసిన ఆకు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఉన్న చక్కెరను కాల్చుకుంటుంది. ఆకు కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అదే. పురుగు తినాల్సిన మేత అట్లా వేడిగా పోతోందన్నమాట. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుంది, మనం పెద్ద కుప్పలు వేసేదీ అప్పుడే. గూడు అల్లేటప్పుడు అది మేత ముట్టదు. అంతకుముందు తిన్నదాంట్లోంచి దాచుకున్నదే దానికి శక్తి. దారం మాత్రం ఆకులోని మాంసకృత్తుల నుంచి వస్తుంది.

మధ్యాహ్నం ఆకు కోయొద్దు. చక్కెర ఉన్నా నీరు తగ్గి ఉంటుంది, పురుగుకు వేరే నీళ్లు లేవు. చాకీకి ఉదయం ఆకు, పెద్ద పురుగులకు ఎండ తగ్గాక కోసిన ఆకు మంచిదని మా అభిప్రాయం. కొమ్మల్ని కట్టలు విప్పి, నీడలో నిలబెట్టి, తడి గోనెపట్టా కప్పండి.