సముద్రపు ఒండ్రులో మానవుని ముద్ర

భీమునిపట్నం తీరమున అక్కడక్కడ నల్లయిసుక చారలు కనబడును. ఆ ఇసుకలో మోనజైటు అను ఖనిజమున్నది, మోనజైటులో థోరియమున్నది. ఇంగ్లండు వాయవ్య తీరమున, ఐరిష్ సముద్రపు ఒడ్డున, రావెన్‌గ్లాస్ అను చిన్న గ్రామము కలదు. అచట ఆటుపోట్ల నడుమ బూడిదరంగు బురద పేరుకొనుచుండును. ఈ ఇసుక ఒక గుప్పెడు, ఆ బురద ఒక గుప్పెడు తెచ్చి గైగర్ యంత్రము ముందుంచినచో రెండింటికిని అది టకటకలాడును. మోనజైటు మెండుగానున్న ఇసుకకే హెచ్చుగా మ్రోగినను ఆశ్చర్యము లేదు. అయినను మానవుని చేతిలో మలినమైనది ఇసుక కాదు, బురద. యంత్రము అబద్ధమాడలేదు, మనమడిగిన ప్రశ్నయే చాలలేదు.

రేడియో ధార్మికత సముద్రమునకు కొత్త కాదు. థోరియము అర్ధాయువు 1,400 కోట్ల సంవత్సరములు. పొటాసియం-40 అర్ధాయువు 125 కోట్లు. ఇవి భూమితోబాటు పుట్టినవి. ఒక లీటరు సముద్రజలములో సెకనుకు సుమారు 12 పొటాసియం-40 పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును, అనగా 12 బెకెరెల్లు. కిలోగ్రాము బురదలో ఈ సంఖ్య కొన్ని వందలకు చేరును. ఇదియే ప్రకృతి పద్దు. సీజియం-137 మాట వేరు. 1945కు ముందు కొలవదగినంత సీజియం ఏ సముద్రమునను లేదు. అది అణ్వస్త్రముల నుండియు, అణు రియాక్టర్ల నుండియు వచ్చినది. దాని అర్ధాయువు 30 సంవత్సరములు.

రావెన్‌గ్లాస్‌కు ఉత్తరముగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున విండ్‌స్కేల్ అణు కేంద్రమున్నది. 1981లో దానికి సెల్లాఫీల్డ్ అని పేరు మార్చినారు. లోకమునకు గుర్తున్నది 1957 అక్టోబరు నాటి అగ్నిప్రమాదము. కాని సముద్రమును చేరిన మలినములో అధికభాగము ప్రమాదవశమున చేరినది కాదు. అధికారుల అనుమతితోనే, గొట్టముల ద్వారా, ఏండ్ల తరబడి విడిచినదది. సీజియం విడుదల 1970ల నడుమ అత్యధికమై, పిమ్మట శుద్ధియంత్రములు వచ్చిన కొలది తగ్గినది.

బురదలో ఎవరి పాలు ఎంతయో తేల్చుట ఎట్లు? ప్రతి ధాతువు వెలువరించు గామా కిరణమునకు తనదైన శక్తి కలదు. సీజియం-137ది 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, పొటాసియం-40ది 1,461, థోరియపు సంతతియైన థాలియం-208ది 2,615. ద్రవ నత్రజనితో చల్లబరచిన జెర్మేనియం స్ఫటికము ఈ భేదమును గుర్తించును. చిక్కు ఇక్కడనే వచ్చును. పెద్దశక్తి గల ప్రకృతి కిరణములు స్ఫటికములో కొంత శక్తిని మాత్రమే వదలి పోవుటచే, 662 స్థానమున కూడ ఒక హోరు ఏర్పడును. జాతర మేళములలో పిల్లనగ్రోవిని వినవలసినట్లు, ఆ హోరులో సీజియమును వెదకవలెను. ఓపికయే దానికి మార్గము. వంద స్పందనలు లెక్కించిన అనిశ్చితి పది, అనగా నూటికి పది. పదివేలు లెక్కించిన అనిశ్చితి వంద, అనగా నూటికి ఒకటి మాత్రమే. అందుచేతనే ఒక్కొక్క నమూనాను ఒక దినమంతయు లెక్కింతురు.

యంత్రము చుట్టును కట్టిన సీసపు గోడకు సైతము స్వంత ధార్మికత కలదు గనుక, కాలము చెల్లిన పాత సీసమును వెదకి వాడుదురు. 1919లో స్కాపా ఫ్లో వద్ద మునిగిన జర్మను యుద్ధనౌకల ఉక్కును గూడ ఇట్టి పనులకు వాడినారు. అణుయుగమునకు ముందు కరగించిన ఉక్కు గదా!

ఇంకొక మెలకువ. సీజియము బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకొనును, ఇసుకను అంతగా పట్టదు. కావున బంకమట్టిని బంకమట్టితోనే పోల్చవలెను. ఇసుక తీరమున స్వల్పముగా కనబడినదని సంతోషించుట తొందరపాటు.

“ప్రకృతి పాలే ఎక్కువ గదా, ఇక భయమేల?” అని వాదించువారున్నారు. వీరి లెక్క నాకు సమ్మతము కాదు. బెకెరెల్లు విచ్ఛిత్తుల సంఖ్యను చెప్పునేగాని హానిని చెప్పవు. ప్లుటోనియము ప్రధానముగా ఆల్ఫా కణములను వెలువరించును. శరీరములో చేరిన పిమ్మటగాని వాని పీడ తెలియదు, గామా యంత్రమునకు అవి చిక్కవు. అట్లని ప్రకృతిజన్యమైన దెల్ల నిరపాయమనుకొనుటయు తగదు. ఆ తీరముననే వైట్‌హేవెన్‌లో నొక ఫాస్ఫేటు కర్మాగారముండెడిది. ముడిరాతిలోని యురేనియపు సంతతి దాని వ్యర్థజలముతో సముద్రమున కలిసినది. 1992లో ఆ శుద్ధి నిలిచినది. నత్తలు, పీతలు అధికముగా తినువారికి ఆ పాత పొలోనియము వలన కలుగు మోతాదు, సెల్లాఫీల్డ్ వ్యర్థముల వలన కలుగు మోతాదును మించియున్నదని బ్రిటిష్ ప్రభుత్వ నివేదికలే చూపినవి. పొలోనియము ప్రకృతిదే, దానినచటికి చేర్చినది మాత్రము మనిషి.

ఐరిష్ సముద్రగర్భమున ఆ బురద నేటికిని ఉన్నది. గొట్టము నుండి వచ్చునది తగ్గినందున, ఒకప్పుడు సీజియమును మ్రింగిన బురదయే ఇప్పుడు దానిని కొద్దికొద్దిగా నీటికి తిరిగి ఇచ్చుచున్నది. బురదలోని ప్లుటోనియం-241 పద్నాలుగేండ్ల అర్ధాయువుతో క్షీణించుచు అమెరీషియం-241గా మారుచున్నది. ఆ అమెరీషియపు అర్ధాయువు 432 సంవత్సరములు.